సాక్షి బోను దాకా

బస్సు ఎమ్మిగనూరు స్టాండులోంచి ఇంకా కదలనే లేదు, దానమ్మ అరచేతులకు అప్పటికే చెమటలు పట్టినాయి. కొంగుకు తుడుచుకుంది, మళ్ళా పట్టినాయి. పక్కన కిటికీ దగ్గర అత్త ఉచ్చీరమ్మ, ఉతికిన తెల్లచీర కట్టుకుని, కండ్లు కనపడకపోయినా ముఖం బయటికి పెట్టి, పెండ్లికి పోయే మనిషి మాదిరి కూర్చునుంది. ఈమెను ఎట్లా దించేది, ఏం చెప్పి దించేది. పొద్దున లేచినప్పటినుంచీ చెప్పి చూసింది, ఎండలెక్కువ అత్తా, కోర్టు కాడ కూర్చోనీకి చోటుండదు అత్తా, నేనొక్కదాన్నే పోయొస్తాను అని. ఉచ్చీరమ్మ వినలేదు. "నా కొడుకు పేరు జడ్జి ముందర సెప్తారంట, నేను ఇనొద్దా అమ్మీ?" అనింది. ఈమె వినకూడదనే కదా రాత్రంతా మోకాళ్ళ మీద ఉండింది, ఈమె వింటుందనే కదా ప్రభువా అన్న ఒక్క పిలుపు తర్వాత ఇంకొక మాట నోట్లోకి రాలేదు.

ముందు సీటులో మిల్లు గుమాస్తా గోవిందన్న కూర్చునుండాడు. వెనక్కి తిరిగి నవ్వినాడు. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు గూడా ఇట్లానే నవ్వి, అరుగు మీద కూర్చుని, చిన్నపిల్లకు పద్యం నేర్పించినట్టు నేర్పించినాడు. "గోడౌను కాలిన పొద్దు మధ్యానం నువ్వు ఏసోబుకు సద్ది తీసుకోని మిల్లుకు పోయినావు దానమ్మా. వాచ్‌మన్ ఖాసిం సాబు పత్తి కుప్ప కాడ కూర్చోని బీడీ తాగుతాంటే సూసినావు. ఇంతే. ఇంగేమీ కలపొద్దు." ఆమె తలూపింది. ఊపకుండా ఎట్లుంటుంది. లేచి చెప్పులేసుకుంటా, పెరట్లోకి చూసి, "గిలక బావికి గోడ తక్కువుంది, ముసలామెకు సూపు లేదు గదా, జాగ్రత్త" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో. ఎవరైనా వింటే ఎంత మంచివాడు అనుకుంటారు. దానమ్మ రాత్రి లేచి లేచి అత్త పక్కన ఉందో లేదో తడిమి చూసుకుంది.

బస్సు కదిలింది. ఊరి చివర మగ్గాల చప్పుడు వెనకబడి, గాలి లోపలికి కొట్టి, ఉచ్చీరమ్మ నెరిసిన వెంట్రుకలు ఎగిరినాయి. రోడ్డుకు రెండు పక్కలా జాలి కంపకు తెల్లగా పత్తి పట్టుకోని ఉంది. ఆదోని మిల్లులకు పోయే బండ్ల మీది పత్తి, ముండ్లకు తగులుకుని, పీలికలు పీలికలుగా. ఎండాకాలం దగ్గరపడితే ప్రతి సంవత్సరం ఇట్లానే ఉంటుంది, పోయినేడు దాకా అది చూస్తే ఆమెకు ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు ఆ తెలుపు చూస్తే ముక్కులోకి కాలిన వాసన వస్తుంది. పత్తి కాలితే ఒక్కసారిగా మండదు, లోపల లోపల రగులుతుంది, పైకి మాత్రం తెల్లగానే ఉంటుంది, ఈ మాట ఏసోబే చెప్పినాడు ఎప్పుడో, పెండ్లయిన కొత్తలో, మిల్లు చూపించనీకి తీసుకపోయి. మిషను కాడ ఫిట్టరు పని ఆయనది. చేతులు ఎప్పుడూ నూనె నూనెగా ఉండేవి, ఆదివారం గుడికి పోయేటప్పుడు సున్నిపిండి పెట్టి రుద్దుకునేవాడు, అయినా గోళ్ళలో నలుపు పోయేది కాదు, ఆ చేతుల్తోనే కానుక సంచి పట్టుకుని వరస వరసకూ తిరిగేవాడు, సంఘంలో పెద్ద కదా. ఆ చేతులే. ఆ చేతుల్తోనే.

వద్దు, ఇప్పుడే వద్దు. దానమ్మ కండ్లు మూసుకుంది. మూసుకుంటే ఇంకా బాగా కనపడింది. గోడౌను తలుపులోంచి నల్లగా పొగ, ఆడోళ్ళు పరిగెత్తుకుంటా వచ్చేది, హనుమంతమ్మ యాడుంది, హనుమంతమ్మ యాడుంది అని ఎవరో అరిచేది. పత్తి ఏరే హనుమంతమ్మ, జ్వరమొచ్చి, మేస్త్రీకి తెలియకుండా గోడౌనులో పత్తి బోరాల వెనక పండుకోనుంది. ఆ అరుపు విని ఏసోబు తిరిగి లోపలికి పోయినాడు. మంటల్లోంచి ఆమెను బయటికి తోసినాడు, తను రాలేకపోయినాడు. అప్పుడు పోయింది ఖాసిం సాబే, తడి గోనె పట్ట కప్పుకుని, ఏసోబును కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చింది. చేతులు రెండూ కాలినాయి ఆయనకు. ఇప్పుడు సర్కారు వకీలు ఆ కాలిన చేతులే సాక్ష్యం అంటాండాడంట, మంట కాడ లేకపోతే ఎట్లా కాలతాయి అని. జామీను ఇచ్చేవాళ్ళు లేక ఆయన సబ్‌జైల్లోనే ఉండాడు. ఆయన భార్య సర్దార్‌బీ ఆదోని బజారులో బొరుగులు అమ్ముకుంటాంది.

"యాడికొచ్చినాం అమ్మీ?" అనింది ఉచ్చీరమ్మ.

"బనవాసి దాటినాం అత్తా."

"సల్లగాలి. మన ఏసోబుకు ఈ దోవంటే శానా ఇష్టం."

దానమ్మ ఊ అనింది. ఈమె కొడుకు ఈమెకు ఎట్లా ఉండాడో అట్లానే ఉండనిస్తే ఏం పోతుంది. ఎవరికి నష్టం. ఖాసిం సాబుకు. సర్దార్‌బీకి. ఆ పేర్లు వాటంతటవే వస్తాయి, ఎంత తోసినా వస్తాయి. ఆదివారం ఆదివారం గుడిలో అయ్యగారు ప్రసంగంలో ఏసోబు పేరెత్తుతాడు, పరాయి మనిషి కోసం ప్రాణం పెట్టినవాడు మన సంఘంలోనే పుట్టినాడు అంటాడు. హనుమంతమ్మ, మనోళ్ళ మతం కూడా కాదు, ఆదోని నుంచి అంత దూరం వచ్చి గుడి చివర గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చి పోతుంది. వాళ్ళందరి ముందర నిలబడి ఏమని చెప్పేది. ఆ మనిషే మంట పెట్టినాడు అని ఎట్లా చెప్పేది.

కర్నూలు పెద్దాసుపత్రిలో అరటాకు మీద పండబెట్టినారు ఆయన్ను. ముఖం మాత్రం మిగిలింది, మిగతాదంతా చూడనీకి కాలేదు. ఉచ్చీరమ్మను లోపలికి రానియ్యలేదు, వరండాలో కూర్చోబెట్టినారు. దానమ్మ వంగి చెవి దగ్గర పెడితే తప్ప మాట వినపడేది కాదు. "దానీ. ఖాసిం భాయి మీద పెడతాండారంట గదా. ఆయన కాదు. నేను." మొదట ఆమెకు అర్థం కాలేదు, మందు మత్తులో ఏదో అంటాండాడు అనుకుంది. "ఓనరు పెట్టమన్నాడు. తడిసి మచ్చపడిన పాత పత్తి, ఇన్సూరెన్సు వస్తాదంట. ఎవురూ ఉండరు అన్నాడు. మధ్యానం అందరూ అన్నం తినే టయానికి పెట్టమన్నాడు. మిద్దె ఇస్తానన్నాడు దానీ, మిద్దె." ఆ మిద్దె అన్న మాట దగ్గర ఆయన కండ్లు ఆమె ముఖం మీదనే నిలిచినాయి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరవకుండానా, ఏం మాట్లాడకుండానా, ఆమెకే తెలియదు.

ఎందుకంటే ముందు ఆ మాట అనింది ఆమే. వాన పడతాంటే, గుడిసె నాలుగు మూలలా కురుస్తాంటే, అత్త దగ్గుతాంటే, గిన్నెలన్నీ కింద పెట్టి నీళ్ళు పడుతూ, "ఆ మిల్లుకు నీ ఎముకలు అరగదీస్తివి, తల దాచుకోనీకి ఒక మిద్దె లేకపాయె" అనింది. ఆయన ఏమీ అనలేదు. నడుమ కాస్త తడవని చోట కూర్చుని లాంతరు వైపు చూస్తా ఉండిపోయినాడు. ఎంతోమంది భార్యలు అంటారు ఆ మాట. అన్న మాటకంతా మొగుళ్ళు పోయి మంటలు పెడతారా. పెట్టరు. అయినా రాత్రిళ్ళు ఆ మౌనం వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది, ఏమీ అడగదు, అట్లానే కూర్చుంటుంది.

పూడ్చిపెట్టినాక వారం తిరగకుండానే గోవిందన్న వచ్చి తాళంచెవి ఉచ్చీరమ్మ చేతిలోనే పెట్టినాడు. ఎంత తెలివైనవాడు, కోడలి చేతిలో పెట్టలేదు. "నీ కొడుకు మా మిల్లు పరువు నిలబెట్టినాడు పెద్దమ్మా, ఎమ్మిగనూరులో ఓనరు మీకు ఇల్లిస్తాండాడు" అన్నాడు. ఆదోనిలో ఉంటే పదిమంది నోళ్ళలో పడతారని ఊరు దాటించినాడు. నాపరాళ్ళు పరిచిన మిద్దె, సున్నం వాసన పోలేదు, తలుపుకు ఇత్తడి గడియ. ఉచ్చీరమ్మ ఆ పొద్దు గోడలన్నీ చేత్తో తడుముకుంటా తిరిగింది, మూలమూలకూ పోయి, గూళ్ళలో చెయ్యి పెట్టి చూసి, "నా కొడుకు పోయి గూడా మనకు నీడ సేసినాడు అమ్మీ" అనింది. అప్పుడు చెప్పాల్సింది. అప్పుడే చెప్పి ఉంటే. నోరు రాలేదు. ఆ తర్వాత ప్రతి పొద్దూ చెప్పడం ఇంకొంచెం కష్టమయింది. ఆ ఇంట్లో దానమ్మకు నిద్ర లేదు. పైకప్పు కురవదు, గోడ చెమ్మ పట్టదు, అయినా పండుకుంటే రాళ్ళ సందుల్లోంచి పొగ వాసన దిగుతుంది. వాన పడే రాత్రి గుడిసె గుర్తొచ్చి ఏడుపొస్తుంది. కురిసిన ఆ ఇంట్లో భయం లేదు కదా, చలి ఉండింది, ఆకలి ఉండింది, ఇట్లాంటి భయం మాత్రం లేదు.

బస్సు ఆరేకల్లు దగ్గర ఆగింది. కొందరు దిగినారు, ఒకాయన మేకపిల్లను చంకలో పెట్టుకుని ఎక్కినాడు. దిగిపోతే. అత్త చెయ్యి పట్టుకుని ఇక్కడ దిగిపోయి, ఎవరి చేనులోనో పత్తి ఏరుకుంటా బతికితే. కోర్టుకే పోకపోతే నిజం చెప్పనక్కరలేదు, అబద్ధమూ చెప్పనక్కరలేదు. ఆమె సగం లేచింది గూడా. గోవిందన్న మెడ తిప్పి చూసినాడు, నవ్వలేదు ఈసారి. కూర్చుంది. దేవునికి తెలుసు కదా నిజం, జడ్జికి తెలియకపోతే ఏమయింది అని ఎన్నిసార్లు అనుకుందో. అనుకున్నప్పుడల్లా మొదటి సగమే గొంతుకు అడ్డం పడేది. దేవునికి తెలుసు. అబద్ధ సాక్ష్యం పలకగూడదని చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టించినప్పుడు ఆమెకు అది పాఠం, పాఠం మాదిరే అప్పజెప్పింది. ఇప్పుడు ఆ ఆజ్ఞ ఆమె ఒక్కదాన్నే పేరు పెట్టి పిలిచినట్టుంది. మరి ఏసోబు సంగతేంది, ఆయన ఇప్పుడు యాడుండాడు. సిలువ మీద పక్కన వేలాడిన దొంగకు చోటు దొరికింది కదా, ఈయనకు దొరికిందా. దొరికుంటే, ఆయన అక్కడి నుంచి చూస్తాంటే, తన పేరు తెల్లగా ఉండాలని ఖాసిం భాయిని జైల్లో పెట్టమంటాడా. అనడు. అనడని తెలుసు.

ఆదోని కొండలు కనపడినాయి, గుండ్లు గుండ్లుగా, ఎవరో పేర్చి వదిలేసినట్టు. మిల్లుల గొట్టాలు. ఊరి వాసన, పత్తిగింజల నూనె వాసన. పుట్టి పెరిగిన ఊరే, ఇప్పుడు పరాయి ఊరులో దిగుతున్నట్టుంది.

కోర్టు వరండాలో గోవిందన్న వాళ్ళను ఒక బల్ల మీద కూర్చోబెట్టి, సోడా తెప్పించి, దూరంగా స్తంభం పక్కన నిలబడినాడు. దానమ్మ సోడా తాగలేకపోయింది. ఎదురుగా గోడ దగ్గర సర్దార్‌బీ నేల మీద కూర్చునుంది, బుర్ఖా ముఖం మీదినుంచి పైకి తీసి. చూసింది, చూసి తల తిప్పుకోలేదు. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టుంటే బాగుండు అనిపించింది దానమ్మకు. ఖాసిం సాబును ఇద్దరు పోలీసులు తీసుకొస్తాంటే చూసింది, మనిషి సగమయినాడు, కాలిన వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని చేతులు పక్షి కాళ్ళ మాదిరి ముడుచుకోని ఉండాయి. ఆయన ఉచ్చీరమ్మను గుర్తుపట్టి ఆగినాడు. "అమ్మా, బాగుండావా?" అన్నాడు. ఉచ్చీరమ్మ గొంతు గుర్తుపట్టి ముఖం పక్కకు పెట్టుకుంది. కొడుకును చంపినవాడు కదా ఆమె లెక్కలో. ఖాసిం సాబును పోలీసులు లోపలికి తీసుకపోయినారు. ఆ ముసలి ముఖం అట్లా పక్కకు తిరిగింది చూడు, అది తను చేసిన పని. ఇంతకాలం నోరు మూసుకుని తను చేసిన పని.

బంట్రోతు పేరు పిలిచినాడు. రెండుసార్లు పిలిచినాక లేచింది. ఉచ్చీరమ్మ గూడా లేచి కొంగు పట్టుకుని లోపలికి వచ్చింది, ఎవరో చోటిచ్చి కూర్చోబెట్టినారు. బోను కొయ్య చేతికి తగిలింది. దేవుని ఎదుట అంతా నిజమే చెప్తాను అని ఎవరో అంటాంటే వెనకనే అనింది. తన గొంతు ఎవరిదో మాదిరి వినపడింది. సర్కారు వకీలు దగ్గరికి వచ్చి, "ఆ దినం మధ్యాహ్నం మిల్లులో నువ్వు ఏం సూసినావో భయపడకుండా సెప్పమ్మా" అన్నాడు.

భయపడకుండా. ఆమెకు నవ్వొచ్చినట్టయింది, ఏడుపొచ్చినట్టయింది. తలుపు దగ్గర గోవిందన్న నిలబడుండాడు. భయం పోతే చెప్దామని కదా ఇన్నాళ్ళూ ఆగింది, భయం పోయేది కాదని అప్పుడు తెలిసింది, ఇది ఇట్లానే ఉంటుంది, దీన్ని పక్కన కూర్చోబెట్టుకునే నోరు తెరవాల. ప్రభువా అనుకుంది. ఆ పైన అడగనీకి ఏమీ లేదు.

"సద్ది తీసుకోని పోయినప్పుడు ఖాసిం సాబు గేటు కాడ నమాజు సేసుకుంటాండె సార్. బీడీ తాగలేదు. ఆయనకు బీడీ అలవాటే లేదు." వకీలు ఏదో అనబోయినాడు. ఆగితే మళ్ళా రాదని తెలుసు, ఆగలేదు. "మంట పెట్టింది నా మొగుడు సార్. ఏసోబు. సచ్చిపోయే ముందర నాతోనే సెప్పినాడు. ఓనరు ఇల్లిస్తానని పెట్టిచ్చినాడు. ఇల్లు ఇచ్చినారు, ఆ ఇంట్లోనే ఉండాము. లోపల మనిషుందని ఆయనకు తెల్దు. తెల్సినాక పోయి ఆమెను బయటికి తెచ్చినాడు. రెండూ నిజమే సార్. రెండూ రాసుకోండి."

జడ్జి రాసేది ఆపి తల ఎత్తినాడు. "ఎవరైనా నిన్ను ఇట్లా చెప్పమన్నారా?" అని అడిగినాడు. "ఇంగో మాదిరి సెప్పమన్నారు సార్" అనింది దానమ్మ. వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చినారు. అది సర్దార్‌బీనా, అత్తనా, తెలియలేదు. వెనక్కి చూడనీకి ధైర్యం చాలలేదు. వకీళ్ళు అడిగినారు, మళ్ళా మళ్ళా అడిగినారు, ఇన్నాళ్ళు ఎందుకు దాచినావు అన్నారు, భయపడి అనింది, ఇప్పుడు భయం లేదా అన్నారు, ఉంది అనింది.

ఖాసిం సాబు ఆ పొద్దే ఇంటికి పోలేదు. ఇంకా వాయిదాలు పడినాయి, ఉగాది దాటినాక వదిలిపెట్టినారు. ఓనరు మీద కేసు పెట్టినారు, అది నడిచీ నడవనట్టు నడిచింది. ఆదోనిలో కొంతమంది దానమ్మను మెచ్చుకున్నారు, గుడిలో కొంతమంది ఆమె పక్కన కూర్చోవడం మానుకున్నారు. హనుమంతమ్మ మాత్రం వచ్చేది మానలేదు, ఆ చివర గోడ కాడనే కూర్చుని అట్లానే ఏడ్చి పోయేది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ గంటలో దానమ్మకు తెలిసిందల్లా, బోనులోంచి దిగి వరండాలోకి వస్తాంటే గోవిందన్న ఆమె పక్కనుంచే, ఒక్క మాటా అనకుండా, మెట్లు దిగి పోయినాడని. తిట్టుంటే ఇంత భయం వేసేది కాదు.

ఉచ్చీరమ్మను ఎవరో తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టినారు. చూపు లేని కండ్లు ఎదురుగోడ మీద నిలిపి కూర్చునుంది. దానమ్మ పక్కన కూర్చోలేక, దూరం పోలేక, ముందర నిలబడింది. గోవిందన్న కంటే, ఓనరు కంటే, బావి గోడ కంటే ఈ మౌనం ఎక్కువ భయపెట్టింది. కొట్టనీ, శాపనార్థాలు పెట్టనీ, ఏదో ఒకటి అననీ. సర్దార్‌బీ చెంబుతో నీళ్ళు తెచ్చి ఉచ్చీరమ్మ చేతికి అందించింది. ఉచ్చీరమ్మ ఎవరిచ్చినారో అడగలేదు, తాగింది, చెంబు ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మీ" అనింది ఉచ్చీరమ్మ.

"అత్తా."

"నాకు సెప్పొద్దన్నాడా వాడు?"

"అన్నాడు అత్తా. అమ్మకు మాత్రం సెప్పొద్దన్నాడు."

ఉచ్చీరమ్మ తల మెల్లగా ఊపింది. "సిన్నప్పుడూ అంతే. కుండ పగలగొట్టినా, బడి ఎగ్గొట్టినా, వాళ్ళ నాయనతో సెప్పుకునేటోడు, అమ్మకు సెప్పొద్దు అని." కండ్లలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చినాయి, తుడుచుకోలేదు. "నేను కొడతానని గాదు. నేను ఏడుస్తానని."

తర్వాత చెంబు తిరిగి ఇచ్చి, సర్దార్‌బీ చెయ్యి తడిమి పట్టుకుని, ఎవరి చెయ్యో తెలిసి గూడా వదలకుండా, ఆ చెయ్యి ఆసరాతోనే లేచింది. "పొద్దుండంగనే పోదాం పా అమ్మీ. ఆ ఇంట్లో మన సామాను బయట పెట్టుకోవాల."

"బయట పెట్టుకోని యాడికి పోదాం అత్తా?"

"నాకేం తెలుసు. ముందు దాంట్లోంచి బయటికి వద్దాం."

దానమ్మ దగ్గరికి జరిగి, అత్త రెండో చెయ్యి తన భుజం మీద వేసుకుని, మెట్టు మెట్టుకూ చెప్పుకుంటా, ఎండలోకి దిగింది.